పురుగు పట్టని కొట్టు

బాగ్‌బేరా బజార్లో ఇరవై మూడేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. నా దగ్గర కొన్న పప్పులో గానీ రవ్వలో గానీ పురుగు కనపడిందని సంచి వెనక్కి తెచ్చినవాళ్లు లేరు. రైల్వే క్వార్టర్లలో ఉండే తెలుగువాళ్లనడిగినా, పక్క వీధి బిహారీలనడిగినా ఇదే చెబుతారు. వ్యాపారంలో నేను సంపాదించినదేమిటని ఎవరైనా అడిగితే కొట్టు, గోదాము, పైన కట్టిన రెండు గదులు అన్నీ తర్వాత చెబుతాను. ముందు ఈ పేరు చెబుతాను.

అలాంటి నేను పోయిన నవంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం, నాకు మాటలు లేని మనిషి కొట్టు ముందు నిలబడి, పురుగులు ఉంటే ఇమ్మని అడిగాను. ఎందుకు అడగాల్సి వచ్చిందో వరసగా చెబుతాను.

మా అమ్మాయి యోగిత కాలేజీలో రెండో సంవత్సరం. దాని స్నేహితురాలు తనూజ ఊళ్లోనే, కాసిడీహ్ పేటలో ఉంటుంది. తనూజ ఇంట్లో ఒక జత బల్లులున్నాయి. మన గోడల మీద తిరిగేవి కావు, లెపర్డ్ గెకో అంటారు. పసుపుపచ్చ ఒళ్లు, నల్ల మచ్చలు, కళ్లకు మనలాగే రెప్పలు. గోడ ఎక్కడం చేతకాదు. పెంచుకోవడానికి కావలసిన కాగితాలు తనూజ వాళ్ల నాన్న చేయించాడు. ఆ జత పెట్టిన రెండు గుడ్లలో ఒకటి బూజు పట్టిపోయింది. రెండోది యోగితకిచ్చారు.

అది ఆ గుడ్డును మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో, తడి ఇసుకలాంటి దాన్లో పెట్టి, కింద కరెంటుతో వేడెక్కే పరుపు ఒకటి పరిచింది. రోజూ ఎంత వేడి ఉందో డబ్బా మూత మీద పెన్సిలుతో రాసేది. యాభై రెండు అంకెలు రాసింది. యాభై మూడో రోజు ఎన్‌సీసీ క్యాంపుకి రాంచీ వెళ్లాల్సి వచ్చింది. పదిరోజులు. తనూజ కూడా వెళ్తోంది. అక్కడ ఫోన్లు తీసేసుకుని, సాయంత్రం పావుగంట మాత్రం చేతికిస్తారట.

బయల్దేరే ముందు యోగిత నన్ను డబ్బా దగ్గరకు పిలిచి, చూస్తూ ఉండమంది. నేను తెలుగులో అడిగితే అది హిందీ కలిపి చెప్పడం మా ఇంట్లో అలవాటు.

"పాపా, బస్ దేఖ్‌తే రహ్‌నా. ఇంకా వారం పడుతుంది."

"ఈలోగానే వచ్చేత్తేనో?"

"తో ఆప్ హైఁ నా."

మీరున్నారుగా అంది. "ఉన్నాన్లే. నువ్వొచ్చేతలికి పిల్ల ఉంటాది, పో" అన్నాను. సరుకు చూడకుండా మాటివ్వడం నా పద్ధతి కాదు. ఆ రోజు ఇచ్చేశాను.

అది వెళ్లిన మర్నాడే, సోమవారం పొద్దున, గుడ్డు చీలింది. చూసింది మా ఆవిడ పైడితల్లి.

"ఏటండీ, ఇలగ రండి! తల బయటెట్టింది. పామేటండీ అది?"

"పామేటి, బల్లే."

"నా మీద పడితే రెండు మాట్లు తలస్నానం సెయ్యాల. వంటింటి వేపు తేకండి, సెప్తన్నాను."

నా వేలంత పొడుగుంది. పసుపు పట్టీ, నల్ల పట్టీ మార్చి మార్చి వేసినట్టుంది ఒళ్లు. కొట్లో యాలకులు, జాపత్రి తూచే చిన్న కాటా ఉంది, గ్రాములో పదోవంతు కూడా చూపిస్తుంది. దాని మీద చిన్న గిన్నె పెట్టి, పిల్లను పెట్టి తూచాను. రెండు పాయింట్ తొమ్మిది గ్రాములు. డబ్బా మూత మీద, యోగిత అంకెల కింద, ఇది రాశాను.

తనూజ ఒక కాగితం రాసిచ్చి వెళ్లింది. మొదటి మూడు రోజులు పిల్ల ఏమీ తినదు, కుబుసం విడిచి దాన్నే తింటుంది, భయపడొద్దు. నాలుగో రోజు నుంచి రోజుకు నాలుగైదు సన్న పురుగులు, బతికున్నవి. దాని రెండు కళ్ల మధ్య ఎంత దూరముందో అంతకంటే లావున్న పురుగు వెయ్యొద్దు. బయట పట్టిన పురుగులు అసలు వద్దు, దోమల మందు పొగ కొడుతున్నారు కాబట్టి. ఇవన్నీ రాసి, చిటికెడు పిండిలో పాతిక ముప్ఫై పురుగులున్న చిన్న సీసా కూడా ఇచ్చింది. "అంకుల్, ఏదైనా గోధుమ పొట్టులో వేసి ఉంచండి చాలు" అంది.

గోధుమ పొట్టు నా కొట్లో లేకపోవడమేమిటి? ఆవులున్నవాళ్లు రోజూ కొంటారు. మంచిది చూసి రెండు గుప్పిళ్లు తీసి, అందులో పురుగుల్ని వేశాను.

బుధవారం కుబుసం విడిచింది. తెల్లటి పొర నోటితో లాక్కుని తినేసింది. అంతవరకూ కాగితంలో రాసినట్టే జరిగింది. గురువారం, నాలుగో రోజు, సోడా సీసా మూతలో రెండు పురుగులు వేసి ముందు పెట్టాను. దగ్గరకొచ్చింది. నాలుకతో మూత అంచు తాకింది. వెనక్కి తిరిగి, డబ్బాలో పరిచిన కాగితం కిందికి పోయింది. శుక్రవారం పొద్దున ఒక పురుగును పట్టింది కూడా. పట్టి, తల విదిలించి, ఉమ్మేసింది. మూతిని కాగితానికేసి రుద్దుకుంది. ఆ తర్వాత మూత దగ్గరకే రాలేదు.

శుక్రవారం తూకం రెండు పాయింట్ ఆరు. శనివారం రెండు పాయింట్ నాలుగు.

మిరపకాయ బస్తా ఎండకు తరుగుతుంది. బెల్లం వానకు కరుగుతుంది. తరుగు ఎంతో ముందే తెలిసి ఉంటే భయం లేదు, దానికి తగ్గట్టు చూసుకుంటాం. ఈ పిల్లకు ఎంత తరుగు వరకు పరవాలేదో నాకు తెలియదు. తనూజ కాగితంలో తోక సంగతి ఒకటి రాసింది. తినగా మిగిలిన బలమంతా తోకలో దాచుకుంటుందట. అంటే తోక దాని గోదాము. పుట్టిన రోజు గోరుచిక్కుడంత లావున్న తోక శనివారానికి వెడల్పు తగ్గి, పక్కల మడత పడింది. గోదాము ఖాళీ అవుతోందని ఒకరు చెప్పనక్కర్లేదు.

రోజూ సాయంత్రం ఆరున్నరకు యోగిత ఫోను. శనివారం కూడా మొదటి మాట, ఏమైనా తిందా అనే.

"పాపా, కుఛ్ ఖాయా?"

"లేదమ్మా."

"హీట్ కిత్‌నా హై?"

చెప్పాను. నీళ్లు పెట్టానా అంది, పెట్టానన్నాను. వెనక ఎవరో ఈల వేస్తున్నారు.  తర్వాత యోగిత అంది, "మైఁ ఆ జాతీ హూఁ. రాత్రి బస్సుకి వచ్చేస్తా."

క్యాంపు మధ్యలో వదిలేస్తే సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోనివ్వరు. రెండేళ్లు పొద్దున్నే లేచి గ్రౌండుకు వెళ్లి కవాతు చేసింది దీనికోసమే.

"నువ్వు రావద్దు. నానున్నాను కదా. నాను సూసుకుంటాను" అన్నాను.

"పక్కా?"

"పక్కా."

రెండోసారి మాటిచ్చాను. ఈసారి సరుకు చూసి మరీ ఇచ్చాను, అదే తేడా.

ఆదివారం పొద్దున సాక్చీ బజారుకు వెళ్లాను. అక్కడ రంగు చేపలు, చిలకలు అమ్మే దుకాణం ఒకటుంది. వాడి దగ్గరున్న పురుగులు అగ్గిపుల్లంత లావు. పిల్ల తలే బఠాణీ గింజంత. సన్నవి కలకత్తా నుంచి వచ్చే శనివారం వస్తాయన్నాడు. రోజుకు ఇంత తరుగు, ఉన్నది ఇంత, శనివారానికి ఆరు రోజులు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రెండు మూడు రకాలుగా లెక్క వేశాను. ఏ రకంగా వేసినా శనివారం దాకా రాలేదు.

ఇంటికొచ్చేసరికి పైడితల్లి పురుగుల డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉంది. బల్లిని ముట్టుకోదు గానీ దాని తిండిని ముట్టుకోవడానికి ఆవిడకు అభ్యంతరం లేదు.

"ఏటండీ, ఇవి సచ్చిపోతన్నాయి."

చూశాను. సగం నల్లబడి ముడుచుకుపోయాయి. మిగతావి కదిపితే గానీ కదలడం లేదు.

"ఏ పొట్టులో ఏసేరు?"

"మన పొట్టులోనే."

"మన పొట్టులో పురుగు బతుకుద్దేటండీ? బతికితే మీరు ఊరుకుంటారేటి?"

అప్పుడు గానీ నాకు తట్టలేదు. కొట్లోకి వచ్చిన ప్రతి బస్తాలోనూ వేపగింజల పొడి గుడ్డలో మూట కట్టి మధ్యలో దోపుతాను. పశువుల దాణాలోనైతే మూట కూడా లేదు, పొడి నేరుగా కలిపేస్తాను. రైల్వే కాలనీ చెట్ల కింద గింజలు ఏరించి ఏటా జూన్‌లో కొట్టిస్తాం. పదకొండేళ్లుగా చేసి చేసి, దానికి నా చెయ్యే గానీ బుర్ర అక్కర్లేకుండా పోయింది. పురుగుల్ని తెచ్చి, పురుగులు బతక్కూడదని తయారు చేసిన పొట్టులో వేసి, అవి తిని బల్లి బతకాలని చూశాను. చేదెక్కిన పురుగును అది ఉమ్మేసిందంటే తప్పు దానిది కాదు.

బతికున్నవి మూడు తేలాయి. వాటిని కడిగి, పక్కింటి నుంచి తెచ్చిన పిండిలో సాయంత్రం దాకా ఉంచి, మళ్లీ పెట్టాను. పిల్ల మూత వైపు చూడనైనా చూడలేదు. ఒకసారి చేదు తగిలాక మళ్లీ ఆ కొట్టుకు ఎవరు వస్తారు?

సోమవారం తూకం రెండు పాయింట్ ఒకటి. కళ్లు సగం మూసుకునే ఉంటోంది.

ఇప్పుడు కావలసినవి సన్న పురుగులు. మందు తగలనివి, బతికున్నవి. బాగ్‌బేరాలో అవి ఏ కొట్లో ఉంటాయో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఇన్నేళ్లుగా ఆ మాట బజారంతా చెబుతున్నది నేనే.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. నా కొట్టుకు నాలుగు కొట్లవతల నారాయణమూర్తి కొట్టు ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్ల నాన్నా మా నాన్నా ఒకే రైల్వే యార్డులో పనిచేశారు. నేను వ్యాపారం పెట్టిన కొత్తలో బస్తా ఎలా కుట్టాలో, గుమాస్తాను ఎలా చూడాలో ఆయనే నేర్పాడు. మూర్తన్నా అని పిలిచేవాణ్ణి. ఇద్దరం కలిసి ఒక లారీ తెప్పించుకుని చెరి సగం దించుకునేవాళ్లం. పదకొండేళ్ల కిందట వానల్లో ఒక లారీ బొంబాయి రవ్వ వచ్చింది. వారం తిరక్కుండా మూర్తి అమ్మిన రవ్వలో పురుగులున్నాయని నూకాలమ్మ బజారులో గొడవ పెట్టింది. నూకాలమ్మ రిటైరైన రైల్వే పాయింట్స్‌మన్ భార్య, క్వార్టర్లలో ముప్ఫై ఇళ్లకు ఆమె మాటే మాట. నా కొట్టుకొచ్చి, నీ రవ్వ ఎలా ఉందిరా అని అడిగింది. నా కొట్లో ఇంతవరకూ ఒక్క పురుగు లేదు పిన్నీ, చూసుకో అన్నాను. చూసుకుంది. లేవు. అప్పట్నుంచి ఆమె నెల సరుకుల పట్టీ నాకొచ్చింది, ఆమె వెనక ముప్ఫై ఇళ్ల పట్టీలూ వచ్చాయి. మూర్తిది పురుగుల కొట్టు అయింది. మా మధ్య మాటలు పోయాయి.

ఆ రోజు నేను చెప్పనిది ఇంకొంచెం ఉంది. అది ఆయన కొట్టు దగ్గరే చెప్పాల్సి వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి, బేరాలు లేని వేళ చూసుకుని వెళ్లాను. మూర్తి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నా ఖర్మకి నూకాలమ్మ కూడా అక్కడే ఉంది. నేను చుట్టలు అమ్మను, చుట్టల కోసం మాత్రం ఆమె ఆ కొట్టుకు పోతుంది. కొన్న కట్టలోంచి ఒకటి తీసి వెలిగించుకుంటోంది.

"ఏటి సేటూ, దారి తప్పీసేవేటి?" అన్నాడు మూర్తి.

"రవ్వ కావాల మూర్తన్నా."

"నీ కొట్లో అయిపోనాదా? నూకాలమ్మా, ఇన్నావా? అప్పన్న నా కాడ రవ్వ కొంతాడట."

"పాతది కావాల. వానలకి ముందు దించింది."

ఆయన నవ్వు ఆపాడు. "నా కొట్లో పాత సరుకు లేదు."

"కాసింత పురుగు పట్టినా పర్లేదు."

"నా సరుకులో పురుగు లేదు. కావాలంటే సూసుకో." లేచి ముందున్న బస్తా మూతి విప్పి, చెయ్యి ముంచి, రవ్వ నా మొహం ముందుకు తెచ్చాడు. నిజంగానే శుభ్రంగా ఉంది. "సూసేవా? పో. పోయి నిన్నెవుడు పంపించేడో ఆడికి సెప్పు."

"నన్నెవడూ పంపలేదు."

"ఇన్‌స్పెక్టర్ని ఎనకాల నిలబెట్టి వచ్చేవా? జేబులో ఫోను ఎందుకు బరువుగున్నాది? తియ్యి, బల్ల మీద ఎట్టు."

ఫోను తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిరగేసి, బోర్లా పెట్టాడు. ఒకప్పుడు నాకు సరుకు చూడ్డం నేర్పిన మనిషి. పురుగులున్న సరుకు కావాలని శత్రువొచ్చి అడిగితే నేనైనా అలాగే చేస్తాను.

నూకాలమ్మ పొగ వదిలి అంది, "ఎందుకు బాబూ నీకు పురుగులు? సేపలు పడతావేటి?"

"ఒక్క నిముషం ఉండండి" అని ఇంటికి వెళ్లాను. పిల్లను చిన్న డబ్బాలోకి మార్చి, చలి తగలకుండా మఫ్లరు చుట్టి, తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి మూత తీశాను.

"ఓలమ్మా!" నూకాలమ్మ ముందుకు వంగింది. "ఏట్రా ఇది, పులా, బల్లా?"

"మా యోగితది పిన్నీ. పుట్టి ఎనిమిది రోజులయ్యింది. మెతుకు ముట్టలేదు. సన్న పురుగులైతేనే తింటాది."

మూర్తి కళ్లద్దాలు దించుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "తోక దారంలాగ అయిపోనాది" అన్నాడు. "పురుగులు నువ్వు తేలేదా?"

"తెచ్చేను. నా పొట్టులో ఏసేను. సచ్చిపోనాయి."

"వేపపొడి?"

"వేపపొడే."

ఆయన నవ్వడం మొదలెట్టాడు. స్టూలు మీద కూర్చుని, తొడ మీద కొట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇన్నావా నూకాలమ్మా? ఈడి సరుకు తిని పురుగులే సచ్చేయట! మనుషుల సంగతేటో మరి!"

"అదేటి అప్పన్నా? నాను అదే తింతన్నాను కదరా!"

"అది దాణా పిన్నీ. తిండి సరుకులో మూటే ఎడతాను, కలపను" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు.

మూర్తి నవ్వు ఆగింది. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇత్తాను. ఎనకాల ఒక బస్తా ఉన్నాది, ఆవులోళ్లకి ఇచ్చేద్దామని పక్కనెట్టేను. కానీ ఒక్క మాట సెప్పు. ఈవిడ ముందర సెప్పు. ఆ ఏడాది రవ్వ లారీ ఎవులిది?"

ఆయన ఎటు వెళ్తున్నాడో తెలిసింది. "మనిద్దరిదీ."

"ఒకే మిల్లు?"

"ఒకే మిల్లు."

"నా సగంలో పురుగున్నాది. నీ సగంలో లేదా?"

నూకాలమ్మ చుట్ట నోట్లోంచి తీసి చేత్తో పట్టుకుంది. నేను లెక్క వేశాను. అబద్ధం ఆడటం చేతకానివాణ్ణేమీ కాదు. చెప్పకపోతే ఆయన బస్తా ఇవ్వడు, పిల్ల రేపటికో ఎల్లుండికో పోతుంది. బుధవారం పొద్దున యోగిత దిగుతుంది. చెబితే ఈవిడ సాయంత్రం లోపల క్వార్టర్లన్నీ తిరుగుతుంది. ఇరవై మూడేళ్ల పేరు. అందులో పదకొండేళ్లది ఈ ఒక్క అబద్ధం మీద నిలబడింది. దాన్ని తీసేస్తే ఎంత మిగులుతుందో నాకు అంచనా అందలేదు. డబ్బాలో పిల్ల ఒకసారి కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది.

"ఉన్నాది" అన్నాను. "నీ కన్నా ఒక రోజు ముందే సూసేను. తలుపులేసుకుని నానూ మా ఆవిడా రెండ్రోజులు జల్లించేం. జల్లించిందే అమ్మేను. నీకు సెప్పి ఉంటే నువ్వూ జల్లించుకుందువు. సెప్పలేదు."

"నాకూ అదే అమ్మేవా?" అంది నూకాలమ్మ.

"నీకూ అదే పిన్నీ."

"ఆ ఏడేరా నా కూతురి పెళ్లి. నీ రవ్వతోనే కదరా కేసరి సేయించేను. మూర్తి రవ్వ ఒద్దు, అప్పన్నదే కావాలని వంటోడికి సెప్పి మరీ సేయించేను."

  మూర్తి గెలిచినట్టు మొహం పెడతాడనుకున్నాను, అలా ఏమీ పెట్టలేదు. లేచి వెనక గదిలోకి వెళ్లాడు. అడుగున ఉన్న బస్తా లాగిన చప్పుడు వినిపించింది. చేటలో నాలుగు గుప్పిళ్ల రవ్వ తెచ్చాడు. బల్ల మీద కాగితం పరిచి జల్లెడతో జల్లించాడు. రవ్వ కిందికి పోయి, పైన పెంకు పురుగులూ, నూలు పోగుల్లాంటి పసుపుపచ్చ పిల్ల పురుగులూ మిగిలాయి. పిల్ల పురుగులు గిలగిలలాడుతున్నాయి. ఆ కదలిక చూసి, నేను రోజూ పెట్టిన పురుగులు ఎంత వడలిపోయి ఉండేవో అప్పుడు అర్థమైంది.

"పెంకువి ఎయ్యకు, సన్నవి ఎయ్యి" అన్నాను.

"నాకు సెప్తన్నావేటి" అని, కళ్లద్దాలు సర్దుకుని, ఏరి, మూడింటిని డబ్బాలో వేశాడు.

పిల్ల కదల్లేదు. మేము ముగ్గురం వంగి చూస్తున్నాం. ఒక పురుగు దాని ముందు నుంచి పాక్కుంటూ పోయింది. పిల్ల తల ఎత్తింది. తోక చివర సన్నగా వణికింది. మెడ ముందుకు చాపి, ఆగి, ఒక్కసారి పట్టింది. ఇప్పుడు ఉమ్మేస్తుందనుకున్నాను. రెండుసార్లు నమిలి, మింగి, నాలుకతో కన్ను తుడుచుకుంది.

"తినీసింది!" అంది నూకాలమ్మ, నా మీద కోపం సంగతి ఒక క్షణం మర్చిపోయి. "ఒకటి."

రెండోది వెంటనే పట్టింది. మూడోదాని కోసం డబ్బా మూలదాకా పరిగెత్తింది. మూర్తి ఇంకో ఐదు వేశాడు. నూకాలమ్మ ఏడుదాకా లెక్కపెట్టింది. ఎనిమిదోదాన్ని చూసి పిల్ల మొహం తిప్పేసుకుంది.

మూర్తి మిగిలిన పురుగుల్ని ఆ రవ్వతోపాటే పొట్లం కట్టాడు. "నీ కొట్లో ఎట్టకు. ఇంట్లో ఎట్టు. ఆ వేప గాలి తగలనీకు."

"ఎంత?" అని అడిగాను.

"పురుగులికి రేటు నాకు తెలీదు" అన్నాడు. తర్వాత, నేను మెట్టు దిగుతుండగా, "యోగిత వచ్చేక ఓ మాటు ఇలగ పంపించు. ఇదేటి తింతాదో, ఎంత తింతాదో నాకూ సెప్పాల. బస్తా ఉంచాలా, పారీయాలా?"

"ఉంచు మూర్తన్నా" అన్నాను.

నూకాలమ్మ చుట్ట పారేసి క్వార్టర్ల వైపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఫోను వచ్చింది.

"పాపా, కుఛ్ ఖాయా?"

"ఏడు."

"సాత్? సచ్? కహాఁ సే మిలా?"

"మూర్తి పెదనాన్న కొట్లోంచి."

 ఆ కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు ఎదటి పక్కకు దాటమని దానికి చిన్నప్పుడు చెప్పింది నేనే.

"ఆప్ గయే థే?"

"నానే వెళ్లేను. మిగతాది వచ్చేక సెప్తాను. నువ్వు పరేడు సూసుకో."

బుధవారం పొద్దున యోగిత దిగింది. బూట్లు విప్పకుండా డబ్బా దగ్గరకే వెళ్లింది. పిల్లను చేతిలోకి తీసుకోలేదు, నేల మీద బోర్లా పడుకుని చూసింది. తూకం రెండు పాయింట్ మూడు. మూత మీద నా అంకెలన్నీ ఒకటొకటి చదివింది. రెండు పాయింట్ ఒకటి దగ్గర వేలు పెట్టి ఆగింది. అప్పుడు దానికి మొత్తం చెప్పాను, లారీతో సహా. విన్నది.  స్నానం చేసి, టిఫిను తిని, పిల్లను చూపించడానికి మూర్తి కొట్టుకు వెళ్లింది. గంటసేపు రాలేదు.

క్వార్టర్లలో సంగతి రెండు రోజుల్లో పాకింది. ఆ వారం ఆరు ఇళ్లవాళ్లు రాలేదు. వచ్చినవాళ్లు కూడా పప్పు చేతిలోకి తీసుకుని, ఇన్నాళ్లూ చూడనట్టుగా, వెలుతురులో పెట్టి చూశారు. ఒకావిడ ముక్కు దగ్గర పెట్టుకుని వేప వాసన వస్తోందంది. ఎప్పుడూ వచ్చేదే, ఇప్పుడు తెలిసింది.

డిసెంబరు ఒకటిన నెల పట్టీలు కట్టేటప్పుడు నూకాలమ్మ వచ్చింది. సంచి బల్ల మీద పెట్టింది. నా మొహం చూడలేదు.

"కందిపప్పు రెండు కిలోలు. రవ్వ కిలో."

"అలాగే పిన్నీ."

"జల్లించు. నా ముందే."

"శుభ్రంగానే ఉంది—"

"జల్లించమన్నాను కదా."

లోపలి నుంచి జల్లెడ తెచ్చి, కాగితం పరిచి, కిలో రవ్వ జల్లించాను. జల్లెడలో ఏమీ మిగల్లేదు. ఆమె జల్లెడ తీసుకుని, తిరగేసి, కాగితం మీద రెండు దెబ్బలు కొట్టి చూసింది.

"మళ్లీ" అంది.

మళ్లీ జల్లించాను. ఆమె వెనక నిలబడ్డ అగ్రికో కాలనీ ఆవిడ, రవ్వ పొట్లం కట్టించుకుని డబ్బులిచ్చేసిన మనిషి, ఆ పొట్లం తెచ్చి బల్ల మీద జల్లెడ పక్కన పెట్టింది. పై గదిలోంచి యోగిత కేక వేసి ఏదో చెప్పింది, రెండు పాయింట్ తొమ్మిది అని మాత్రం వినపడింది, పుట్టిన రోజు తూకమే. నేను పొట్లం దారం విప్పాను.